రిచర్డ్ రైట్ ఆత్మకథను పదో తరగతి పిల్లలకు చదివి వినిపించవచ్చా?

ఒంగోలు మాస్టారు:
సాంఘిక సంక్షేమ గురుకులంలో ఇంగ్లీషు చెబుతాను. ఈ వేసవిలో ‘బ్లాక్ బాయ్’ చదివాను. రైట్ 1908లో అమెరికాలోని మిసిసిపీలో పుట్టిన నల్లజాతి రచయిత, పుస్తకం 1945లో వచ్చింది. తండ్రి వదిలి వెళ్లాక ఇంట్లో తిండి ఉండదు. పిల్లవాడు ఆకలి అని వేధిస్తుంటే, బట్టలు ఇస్త్రీ చేస్తున్న తల్లి ఏదో పరిహాసమాడి మరిపించాలని చూస్తుంది, అంతలోనే ఆమెకు కన్నీళ్లు వస్తాయి. మా అమ్మ పొగాకు గ్రేడింగుకు వెళ్లేది. పని లేని నెలల్లో రాత్రికి నూకల జావే. మేము ఇంకా కావాలని అడగకముందే కథ ఎత్తుకునేది.

ఆకలి కన్నా ఎక్కువగా కుదిపిన చోటు ఇంకొకటుంది. తెల్లవాళ్లు ఎదురైతే ఎలా తప్పుకోవాలో రైట్‌కు తోటి నల్ల స్నేహితుడే నేర్పబోతాడు. నాకు మా నాన్న నేర్పాడు. పెద్దల వీధి రాగానే చెప్పులు చేత పట్టుకోవాలి, టీ తాగాక మన గ్లాసు మనమే కడిగి చూరులో పెట్టాలి. కొడుకు దెబ్బలు తినకూడదని, ప్రేమతోనే నేర్పాడు. అదే నాకు ఈనాటికీ మింగుడుపడదు.

మా విద్యార్థుల్లో కూలీల బిడ్డలే ఎక్కువ. వాళ్లకు ఉన్న బాధలు చాలవా అంటున్నారు తోటి ఉపాధ్యాయులు. నాకు మాత్రం వినిపించాలనే ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

చీరాల పాఠకురాలు:
తప్పకుండా వినిపించండి మాస్టారూ. ఆకలితో మాత్రం మొదలుపెట్టకండి, అది వాళ్లకు తెలిసిందే. బడి వీడ్కోలు సభ ఘట్టం తీసుకోండి. ప్రిన్సిపాల్ రాసిచ్చిన ఉపన్యాసం చదవనంటాడు రైట్. బెదిరించినా, ఇంట్లోవాళ్లు నచ్చజెప్పినా వినకుండా తాను రాసుకున్నదే చదివి వస్తాడు. ఆ పట్టుదల పదిహేనేళ్ల పిల్లలకు వెంటనే అందుతుంది.

రైట్ తల్లి సోదరి భర్త హాస్కిన్స్ హత్య మాత్రం కొంతకాలం ఆగాక చదవండి. అతని సారా దుకాణం మీద కన్నేసిన తెల్లవాళ్లు చంపేస్తే, అంత్యక్రియలు కూడా లేకుండా ఆ కుటుంబం రాత్రికి రాత్రి ఊరు విడిచిపోతుంది. 1985లో దళితుల మీద దాడి జరిగినప్పుడు కారంచేడు నుంచి చీరాలకు పారిపోయి వచ్చినవాళ్లలో మా మేనమామ కుటుంబం ఉంది. పొయ్యి మీద వదిలి వచ్చిన అన్నం సంగతి మా అత్త ఇప్పటికీ చెబుతుంది. అలాంటి ఇళ్ల పిల్లలు మీ తరగతిలోనూ ఉండవచ్చు. ముందు వాళ్ల సంగతి తెలుసుకోండి.

నల్గొండ గ్రంథాలయ ఉద్యోగి:
ఒక్క మాట. జాతివివక్ష, కులవివక్ష ఒకటేనని పిల్లలకు చెప్పకండి. రంగు కంటికి కనిపిస్తుంది, కులాన్ని అడిగి తెలుసుకుంటారు. 1901లో మసూర్ స్టేషన్‌లో మంచి బట్టల్లో ఉన్న బాల అంబేడ్కర్‌నూ తోడున్న పిల్లలనూ స్టేషన్ మాస్టరు బ్రాహ్మణ పిల్లలనుకున్నాడు. మహర్లమని చెప్పగానే అతని ముఖం మారిపోయింది. అంబేడ్కర్ రాసిన ఆ జ్ఞాపకాన్నీ పక్కనే చదివించండి, తేడా వాళ్లే పట్టుకుంటారు.

మెంఫిస్ ఘట్టాన్ని వదలకండి. అక్కడి గ్రంథాలయం నల్లవాళ్లకు పుస్తకాలివ్వదు. రైట్ ఒక తెల్ల సహోద్యోగి కార్డు అడిగి తీసుకుని, అతను పంపినట్టు చీటీ తానే రాసుకుని వెళ్తాడు. తనకు చదవడమే రానట్టు నిలబడతాడు. రోజూ పుస్తకాలు ఇచ్చే పనిలో ఉన్నవాణ్ని, ఆ పేజీలు చదివాక చాలాసేపు ఏమీ తోచలేదు. అది వినిపించిన వారంలోనే మీ పిల్లలను శాఖా గ్రంథాలయానికి తీసుకెళ్లి, అందరికీ సభ్యత్వం కట్టించండి.

ఒంగోలు మాస్టారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఉపన్యాసం ఘట్టాన్ని ఈ ఆదివారం తెలుగులో రాసుకుంటాను. తొమ్మిదో తరగతి వాళ్లనూ కూర్చోబెట్టవచ్చా?