అప్‌డేట్: తాతయ్య పెట్టెలోని నల్లటి వ్యూఫైండర్ ఏమిటో తేలింది

తాతయ్య కెమెరా పెట్టెలో దొరికిన చిన్న వ్యూఫైండర్ (ఫోటోలో ఎంత మేర పడుతుందో చూసుకునే కంటిగొట్టం) గురించి పోయిన నెల అడిగాను కదా, కన్ను పెడితే అంతా నలుపే, తెల్లగీతల చట్రం తప్ప ఏమీ కనిపించట్లేదని. అది పాడవలేదు! రెండు కళ్లూ తెరిచి చూడమన్నవారికి చాలా థ్యాంక్స్. కుడికన్ను ఫైండర్‌కు ఆనించి, ఎడమకన్ను మూయకుండా వాకిట్లోకి చూశాను, ఆ తెల్ల చట్రం వెళ్లి తులసికోట చుట్టూ గాల్లో నిలబడింది, ఒళ్లు జలదరించింది. దీనిలోంచి దృశ్యం కనపడదు, వెలుతురు ఆ గీతల వరకే వస్తుంది, బయటిది రెండో కన్ను చూస్తుంది, రెండింటినీ మెదడే కలుపుకుంటుంది.

పాత కెమెరాలు బాగుచేసే ఆయన పక్కనుంచి టార్చి వేసి, భూతద్దంతో అరిగిన అక్షరాలు చదివారు: ఫోగ్ట్‌లాండర్ కొంటూర్, 24×36. అంటే 35 ఎం.ఎం. ఫిల్మ్ ఫ్రేమ్ కొలత మిల్లీమీటర్లలో. కొంటూర్ అనేది ఈ ఫైండర్ పేరు, ఫోగ్ట్‌లాండర్ దాని కంపెనీ. ఆ కంపెనీ 1756లో వియన్నాలో మొదలైంది, 1849లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌కు వచ్చింది. కాబట్టి జపాన్ సరుకేమోనన్న నా ఊహ తప్పు. పెట్టెలోనే ఉన్న తోలు సంచి మీది షాపు ముద్రకీ దీనికీ సంబంధం లేదు, ఆ సంచి లైట్ మీటరుదట (వెలుతురు కొలిచే పరికరం). లోపల అద్దాలకు ఫంగస్ (బూజు) కూడా లేదు. విప్పి తుడుద్దామని స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను, ఆపినవాళ్లకు మరీ మరీ థ్యాంక్స్.