టిబెట్ అక్క కొట్టుకు పెట్టుబడి ఎలా ఇవ్వాలి?

తాడితోట బట్టలకొట్టు:
రాజమండ్రి తాడితోటలో మాకు బట్టల కొట్టు ఉంది. ఏటా చలికాలంలో స్వెట్టర్లు అమ్మే ఒక టిబెట్ కుటుంబం పదకొండేళ్లుగా సరుకు మా వెనక గదిలోనే దించుకుంటుంది. ఆ అక్క పుట్టింది కర్ణాటకలోని బైలకుప్పెలో. తెలుగు మా వీధిలోనే నేర్చుకుంది, నన్ను ‘తమ్ముడూ’ అంటుంది. సంక్రాంతి దాటితే స్వెట్టరు ఎవరూ కొనరు. అందుకే దుప్పట్లు, రెయిన్‌కోట్లు, బడి సంచులు కలిపి ఏడాది పొడవునా ఇక్కడే కొట్టు నడపాలని ఆమె ఆశ.

బ్యాంకుకు నేనూ వెంట వెళ్లాను. ఖాతా ఉంది, ఆధార్ ఉంది. అప్పు దగ్గరకొచ్చేసరికి స్థిరాస్తి హామీ అడిగారు. శరణార్థి బిడ్డ పొలం కాగితాలు ఎక్కడినుంచి తెస్తుంది?

లూధియానా టోకు వర్తకుడు మాత్రం ఏటా సరుకు అరువిస్తాడు. ఆమె చిట్టా చూశాను. ఎడమవైపు తెచ్చిన మూటలు, కుడివైపు కట్టిన సొమ్ము, అన్నీ టిబెట్ లిపిలో. లెక్క తీరిందని ఏటా ఫిబ్రవరిలో అడ్డగీత. కరోనా ఏడాది బాకీ నిలిచింది. మరుసటి చలికాలం ముందు దాన్నే తీర్చి, రెండు గీతలు గీసింది.

నా దగ్గర రెండు లక్షలున్నాయి. అప్పుగా ఇవ్వాలా, వాటాగానా? ‘రేపు వెళ్లిపోతే?’ అని ఇంట్లో భయపడుతున్నారు.

అమలాపురం విశ్రాంత ఉద్యోగి:
బ్యాంకులో అప్పుల కాగితాలే చూశాను. 1951 శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు, ప్రత్యేక చట్టమూ లేదు. టిబెట్ వారి నమోదు పత్రానికి గడువుంటుంది. అది చూసి అధికారి వెనకాడతాడు. కేంద్రం 2014లో తెచ్చిన టిబెటన్ పునరావాస విధానం వ్యాపార లైసెన్సులకు దారి ఇచ్చింది. ఆ ప్రతి వెంట తీసుకెళ్లండి.

అప్పుగానే ఇవ్వండి. ప్రామిసరీ నోటు రాయించుకోండి, మూడేళ్లు దాటనివ్వకండి. సొమ్ము ఖాతా ద్వారానే నడిస్తే, రేపు బ్యాంకుకు చూపడానికి ఆధారం. నెలవారీ వాయిదా పెట్టకండి. వరి అప్పు కోతలయ్యాక కట్టించుకున్నట్టు, ఆమె దగ్గర జనవరిలో తీసుకోండి. పదివేలకు రాయించుకుని తొమ్మిదివేలు చేతిలో పెట్టి, మర్నాటినుంచే వంద చొప్పున వసూలుచేసే రోజువారీ ఫైనాన్స్ పాల మాత్రం పడనివ్వకండి.

కాకినాడ మనవరాలు:
మా తాతకు రంగూన్‌లో కొట్టుండేది. 1964లో అక్కడి ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేసింది, 50, 100 చాట్ల (అక్కడి డబ్బు) నోట్లు రద్దుచేసింది. బర్మాలో తెలుగువాళ్లను మన కోరంగి రేవు పేరుతో ‘కోరంగీలు’ అనేవారు. తిరిగొస్తే సొంత జిల్లాలోనే కాందిశీకులయ్యారు. అలాంటివారి కోసం రెప్కో బ్యాంకు పుట్టింది 1969లో. అప్పటిదాకా మా ఇంట్లో పొయ్యి వెలిగింది జగన్నాథపురం వర్తకుడొకరు అరువిచ్చిన రెండు బస్తాల కందిపప్పుతో. ‘వెళ్లిపోతే?’ అని ఆయననూ అడిగారట. మా తాత ఎక్కడికీ వెళ్లలేదు. ఇవ్వండన్నా.

తాడితోట బట్టలకొట్టు:
నూటికి అర్ధరూపాయి వడ్డీకి నోటు రాయించుకుని నిన్న ఇచ్చాను. నోటు రెండుసార్లు చదివించుకుంది. తర్వాత చిట్టా తీసి, లూధియానా వర్తకుడి కింద నా పేరు రాసుకుంది. కుడివైపు ఖాళీగా వదిలింది.