"ఆన్ యువర్ లెఫ్ట్" అని అరిస్తే నాన్న ఎడమకే జరిగారు. ట్రైల్ మీద పెద్దవాళ్లకి ఏం చెప్పి పంపాలి?

యాష్‌బర్న్_గోదారి:

నార్తర్న్ వర్జీనియాలో ఉండేవాళ్లని అడుగుతున్నాను. అమ్మానాన్న కాకినాడ నుంచి వచ్చి రెండు నెలలైంది. పగలంతా ఇంట్లో కూర్చోలేక సాయంత్రం డబ్ల్యూ అండ్ ఓడీ ట్రైల్ (నడిచేవాళ్లకీ సైకిళ్లకీ ఉమ్మడిగా ఉన్న తారు దారి) మీద నడకకి వెళ్తారు. కారు లేకుండా వాళ్లంతట వాళ్లు వెళ్లగలిగేది అదొక్కటే. మొన్న శనివారం ఇద్దరూ పక్కపక్కన నడుస్తుంటే వెనక నుంచి సైకిల్ మీద వస్తున్నాయన "ఆన్ యువర్ లెఫ్ట్" అని గట్టిగా అరిచాడట. నాన్న చెవిన పడింది "లెఫ్ట్" ఒక్కటే. ఎడమకి తప్పుకోమంటున్నాడనుకుని గబుక్కున ఎడమకి జరిగారు, సరిగ్గా అతను వస్తున్న వైపుకి. హ్యాండిల్ తగిలి నాన్నా, అతనూ ఇద్దరూ పడ్డారు. నాన్నకి మణికట్టు దగ్గర ఎముక చిట్లింది, ఆరు వారాలు కట్టు ఉంచాలన్నారు. అతనికీ మోచేతులు గీరుకుపోయాయి, అయినా నేను వచ్చేదాకా అక్కడే కూర్చున్నాడు.

నాన్నేమో తప్పు తనదే అంటున్నారు. అమ్మ ఇక ఆ ట్రైల్ మాటే ఎత్తొద్దంటోంది. వాళ్లు ఇంకా మూడున్నర నెలలు ఉండాలి, అన్నాళ్లు నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టలేను. అసలు అక్కడ దారి ముందు ఎవరిది? వాళ్లకి ఏం నేర్పించి పంపాలి?

హెర్న్‌డన్_రైడర్:

నాన్నగారికి త్వరగా తగ్గాలి. తప్పు ఆయనది కాదని నా మాటగా చెప్పండి.

నేను ఆ ట్రైల్ మీదే ఆఫీసుకి సైకిల్ మీద వెళ్తాను, కాబట్టి మా వైపు తప్పే ముందు చెప్తాను. వర్జీనియా చట్టం ప్రకారం ఇలాంటి ఉమ్మడి దారిలో సైకిల్ వాడే నడిచేవాళ్లకి దారి ఇవ్వాలి, దాటే ముందు వినపడేలా హెచ్చరించాలి. చాలామంది రెండోది చేసి మొదటిది మర్చిపోతారు. అరిచేశాం కాబట్టి ఇక తప్పుకోవడం వాళ్ల పని అనుకుంటారు. "ఆన్ యువర్ లెఫ్ట్" అంటే "మీ ఎడమ పక్క నుంచి వెళ్తున్నాను, మీరు ఉన్నచోటే ఉండండి" అని మాత్రమే అర్థం. ఇక్కడ పెరిగినవాళ్లకి అది అలవాటైన మాట. కొత్తవాళ్లు, పిల్లలు, చెవులు సరిగ్గా వినపడని పెద్దవాళ్లు అది విని ఎడమకే జరుగుతారు, నా కళ్లతో ఎన్నిసార్లు చూశానో.

ఒక్క లెక్క చూడండి. గంటకి 15 మైళ్ల వేగం అంటే సెకనుకి 22 అడుగులు. 20 అడుగుల దూరంలో అరిస్తే ముందున్న మనిషికి ఒక్క సెకను కూడా దొరకదు, ఆ సెకనులో వినాలి, అర్థం చేసుకోవాలి, కదలాలి. అందుకే నేను ఓ 70 అడుగుల ముందే బెల్ కొడతాను, కాళ్లు తొక్కడం ఆపుతాను, వాళ్లు తల తిప్పారో లేదో చూస్తాను. తిప్పకపోతే ఇంకోసారి బెల్ కొట్టి నడక వేగానికి దగ్గరగా తగ్గిస్తాను. దాటేటప్పుడు మధ్యలో ఖాళీ ఉంచుతాను, ఎదురుగా ఎవరైనా వస్తుంటే ఆగుతాను. దానివల్ల ఆఫీసుకి నాలుగు నిమిషాలు ఆలస్యం అవుతుందేమో, అంతే.

స్టెర్లింగ్_శాంతి:

మా అత్తగారు వచ్చినప్పుడు ఇదే టెన్షన్. మాటలతో చెప్తే "సరేనమ్మా" అంటారు గానీ అక్కడికి వెళ్లాక ఒంటికి అలవాటైనదే చేస్తారు. మనూళ్లో జీవితమంతా ఎడమ పక్కన నడిచినవాళ్లు కదా, ఇక్కడ కుడి పక్కన నడవాలి, దాటేవాళ్లు ఎడమ నుంచి వస్తారు, అంటే పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటుకి పూర్తిగా తిరగేసి. అందుకని నేను ఇంగ్లిష్ మాట నేర్పడం మానేశాను. "వెనక బెల్ మోగినా, ఎవరైనా అరిచినా, ఏం అర్థం కాకపోయినా సరే, మీరున్న గీతలోనే నడవండి, ఏ పక్కకీ జరగొద్దు" అని ఒక్కటే చెప్పాను. తర్వాత నేను ఆవిడ వెంట వెళ్లి, మా వారు సైకిల్ మీద వెనక నుంచి వస్తూ బెల్ కొట్టి అరుస్తుంటే పది పదిహేను సార్లు ప్రాక్టీస్ చేయించాం. మొదటి మూడుసార్లు ఉలిక్కిపడి ఎడమకే వెళ్లారు. తర్వాత కుదిరింది.

ఇంకొకటి, మీరు యాష్‌బర్న్ కదా. తారు దారి పక్కనే కంకర దారి ఒకటి ఉంటుంది, గుర్రాల కోసం వేసింది, వియన్నా నుంచి పర్సెల్‌విల్ దాకా 32 మైళ్లు. నడిచేవాళ్లూ దాని మీద వెళ్లొచ్చు. సైకిళ్లు అక్కడ చాలా తక్కువ. ఎప్పుడైనా గుర్రం ఎదురైతే మాత్రం పక్కకి జరిగి, కదలకుండా నిలబడి దారి ఇవ్వాలి. మోకాళ్లకి కూడా తారు కన్నా అదే మెత్తగా ఉందంటారు మా అత్తగారు.

ఫాల్స్‌చర్చ్_నడక:

పై ఇద్దరూ చెప్పింది నిజమే గానీ, నేర్చుకోవాల్సినదంతా కాకినాడ నుంచి వచ్చిన పెద్దాయనే నేర్చుకోవాలా? 1968లో రైళ్లు ఆగిపోయిన పాత రైలు మార్గం అది. 45 మైళ్లు, ఎక్కువగా చదును, మలుపులు తక్కువ. సైకిల్ దానంతటదే వేగం అందుకుంటుంది. తారు ఉండేది సుమారు 10 అడుగులు. అందులోనే కుక్క, స్ట్రోలర్, అప్పుడే సైకిల్ నేర్చుకుంటున్న పిల్ల, గంటకి 20 మైళ్ల దాకా మోటార్ సాయం చేసే ఈ-బైక్. శనివారం సాయంత్రం అంత వేగంగా వెళ్లాలనుకునేవాళ్లు పొద్దున్నే రావాలి, అంతే నేను చెప్పేది.

మా ఫాల్స్ చర్చ్‌లో కొంత దూరం దారిని రెండుగా చీల్చారు, సైకిళ్లకి 11 అడుగులు, నడిచేవాళ్లకి 8 అడుగులు, మధ్యలో చిన్న ఎడం. అప్పటి నుంచి మా అమ్మాయి చెయ్యి వదిలి నడవగలుగుతున్నాను. కౌంటీ మీటింగుల్లో మనవాళ్లు నోరు తెరిచి అడగాల్సింది ఇదే.

అలాగని మనవాళ్లనీ వెనకేసుకు రాను. ఆదివారం నలుగురు అంకుల్స్ వరసగా దారంతా పరుచుకుని మాట్లాడుకుంటూ వెళ్తారు, వెనక బెల్ మోగితే ఇద్దరు అటు, ఇద్దరు ఇటు చీలతారు. మధ్యలోంచి వెళ్లాలా, ఆగాలా అని సైకిల్ వాడికి అర్థం కాదు. రద్దీగా ఉంటే ఇద్దరైనా సరే ఒకరి వెనక ఒకరు నడవాలి. ఆగి మాట్లాడుకోవాలంటే తారు దిగి గడ్డి మీద నిలబడాలి.

చాంటిలీ_2009:

ఖర్చుల సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి. వర్జీనియాలో దెబ్బ తగిలినవాళ్ల తప్పు కొంచెం ఉన్నా నష్టపరిహారం రాకుండా పోవచ్చు, ఇక్కడి చట్టం అలాంటిది. అందుకే "తప్పు నాదే" అని నాన్నగారు ఇన్సూరెన్స్ వాళ్లకి కాగితం మీద రాసిచ్చే ముందు ఒక లాయర్‌తో మాట్లాడండి. విజిటర్ ఇన్సూరెన్స్‌కి బిల్లులు ఆలస్యం చేయకుండా పంపండి.

యాష్‌బర్న్_గోదారి:

అందరికీ చాలా థాంక్స్. ఇన్సూరెన్స్‌కి నిన్ననే పంపాను. శాంతి గారూ, మీరు చెప్పినట్టే ఇవాళ కంకర దారికి తీసుకెళ్లాను. అమ్మ ముందు రానంది, నాన్న కట్టు చేత్తోనే బయల్దేరేసరికి వెంట వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు కాసేపు తారు మీద నడిచాం, ప్రాక్టీస్ కూడా చేయించాను. ఒక్క ఇబ్బంది. బెల్ వినగానే నాన్న అమ్మ చెయ్యి పట్టుకుని టక్కున ఆగిపోతున్నారు. ఆగడం మంచిదేనా?

హెర్న్‌డన్_రైడర్:

ఆగొద్దని చెప్పండి. అదే నడక, అదే గీత. వెనక వచ్చేవాడు మీరు నడుస్తారన్న లెక్కతోనే పక్కకి తిప్పుతాడు. చెయ్యి పట్టుకోవచ్చు గానీ అమ్మగారిని గడ్డి వైపు ఉంచి, పక్కకి లాగకుండా. సాయంత్రాలు త్వరగా చీకటి పడుతోంది, ఇద్దరికీ లేత రంగు జాకెట్లు వేసి పంపండి, మాకు దూరం నుంచే కనపడతారు.