నీళ్ళ డబ్బులు కట్టేవాళ్ళే తగ్గిపోతున్నారు, కనెక్షన్ పీకేయడమేనా?

ఊరి నీళ్ళ కమిటీలో లెక్కలు చూసే పని నా నెత్తిన పడింది. మొదట్లో అందరూ నెలనెలా కట్టేవాళ్ళు, ఇప్పుడు సగం మంది కూడా కట్టట్లేదు, పైగా ఏడాదిలో మోటర్ రెండుసార్లు కాలింది, రెండోసారి రీవైండింగ్‌కి చందాలెత్తాం. కట్టనోళ్ళ కుళాయి పీకేద్దాం అంటున్నారు కొందరు. పీకితే గొడవలే కదా, మీరెలా నడుపుతున్నారు?

రిప్లై 1:
పీకకండి అండీ. ముందు ఆ కట్టనోళ్ళ ఇళ్ళు ఎక్కడున్నాయో చూడండి. మేం పేర్లు రాసి చూస్తే చాలావరకు లైను చివర ఇళ్ళే. కుళాయి తిప్పితే బుస్సుమని గాలి, తర్వాత సన్నటి ధార, బిందె నిండేలోపు అదీ ఆగిపోతుంది, ఇక వాళ్ళెందుకు కడతారు చెప్పండి. ట్యాంక్ దగ్గరి వీధుల వాల్వులు కాస్త బిగించి, వీధికింతని టైం పెట్టాం. ఆ తర్వాత కొందరు పాత బాకీ కూడా వాళ్ళంతట వాళ్ళే తెచ్చిచ్చారు.

రిప్లై 2:
లీకులు చూశారా? రాత్రి అందరూ పట్టుకున్నాక మోటర్ ఆపి, ట్యాంక్ లోపల నీటి మట్టం దగ్గర గీత పెట్టి తెల్లారి చూడండి. 3 మీటర్లకి 3 మీటర్ల ట్యాంకులో 10 సెంటీమీటర్లు దిగిందంటే 900 లీటర్లు పోయినట్టే. మర్నాడు రాత్రి ఔట్‌లెట్ వాల్వ్ కట్టేసి మళ్ళీ చూడండి, అప్పుడూ దిగితే కారేది ట్యాంకే, లేదంటే పైపులైన్లోనో వదిలేసిన కుళాయిల్లోనో పోతోంది.
ఇక మోటర్ సంగతి. సబ్‌మెర్సిబుల్ అయితే అది చల్లబడేది చుట్టూ ఉన్న నీళ్ళతోనే, బోర్లో మట్టం పడిపోయాక కూడా తిరుగుతుంటే కాలక ఏమవుద్ది? డ్రై రన్ ప్రొటెక్షన్ (బోర్లో నీళ్ళు అయిపోతే మోటర్‌ని ఆపేసేది) లేకుండా రీవైండింగ్ చేయించడం చిల్లు కుండలో నీళ్ళు పోయడమే.

అడిగినవాడిని:
డ్రై రన్‌ది ఉందంట! మాటిమాటికీ ట్రిప్ అవుతుంటే మా ఆపరేటర్ విసుగొచ్చి వైరు తీసి డైరెక్ట్ ఇచ్చేశాడంట. ఇప్పుడే అడిగితే చెప్పాడు.

రిప్లై 3:
హహ, మా దగ్గరా ఇదే కథ. ట్రిప్ అవుతోందంటే బోరు కోలుకోవట్లేదని అర్థం, అరగంట నడిపి గంట ఆపి చూడండి. అన్నట్టు ఆపరేటర్‌కి జీతం సరిగ్గా ఇస్తున్నారా? ఇవ్వకపోతే ముందు మానేసేది క్లోరిన్ వేయడమే. 10,000 లీటర్లకి, లీటరుకి 2 మిల్లీగ్రాముల లెక్కన, 25 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ 80 గ్రాములు పడుతుంది, మూతి తెరిచిన పాత బస్తాదైతే అది కూడా చాలదు. చివరి కుళాయి దగ్గర ఇంకా మిగిలిన క్లోరిన్ లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు రావాలి, ట్యాంక్ దగ్గర టెస్ట్ చేసి సరిపెట్టుకోకండి.

అడిగినవాడిని:
జీతం మూడు నెలల బాకీ ఉందండీ... రేపు పొద్దున ముందు అతనింటికే వెళ్తా. గీత కూడా రేపు రాత్రే పెడతా, ఎంత దిగిందో ఇక్కడే చెప్తా.