హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ మీటింగులు ఎలా నడిపేవాళ్లు?

ప్రశ్న: మా ఊళ్లో ఎలక్ట్రానిక్స్ మీద ఇష్టం ఉన్నవాళ్లం నెలకోసారి కలుస్తున్నామండీ, కానీ ఇద్దరు ముగ్గురే మాట్లాడతారు, మిగతావాళ్లు విని వెళ్లిపోతారు. కాలిఫోర్నియాలో సొంతంగా కంప్యూటర్లు తయారుచేసుకునే సరదా ఉన్నవాళ్ల క్లబ్ హోమ్‌బ్రూ, వాళ్లు అంతమందితో ఎలా నెట్టుకొచ్చారు?

జవాబు: మొదటి మీటింగు 1975 మార్చి 5న, మెన్లో పార్క్‌లో గోర్డన్ ఫ్రెంచ్ ఇంటి గ్యారేజీలో. అందరి ధ్యాసా విడిభాగాలు తెచ్చి ఇంట్లో బిగించుకునే ఆల్టెయిర్ 8800 కంప్యూటర్ మీదే. దానికి కీబోర్డు లేదు, స్క్రీన్ లేదు, ముందువైపు స్విచ్చులు పైకీ కిందకీ వేస్తూ ఒక్కో బైటూ ఎక్కించాలి, కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచే. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు కాబట్టే క్లబ్ నిలబడిందని నా నమ్మకం.

ఇంకో జవాబు: మీకు పనికొచ్చేది ఆ క్లబ్ మీటింగులు నడిపిన లీ ఫెల్సెన్‌స్టీన్ పద్ధతండీ. ముందు "మ్యాపింగ్", అంటే ఒక్కొక్కరూ లేచి నా దగ్గర ఇది ఉంది, నాకు ఇది కావాలి అని చెప్పడం. తర్వాత "రాండమ్ యాక్సెస్", ఎవరికి కావలసినవాళ్ల దగ్గరికి వాళ్లు వెళ్లి చిప్పులు, సర్క్యూట్ బొమ్మలు మార్చుకోవడం. ఆపిల్ కంపెనీ పెట్టినవాళ్లలో ఒకరైన వోజ్నియాక్ తన ఆపిల్ 1 కంప్యూటర్ సర్క్యూట్ కాగితాలు ఊరికే పంచింది ఈ క్లబ్‌లోనే.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్స్ అండీ. ఈ ఆదివారమే అందరిచేతా తలో నిమిషం మాట్లాడిస్తాను.