"మష్ కి నాదా" తెలుగులో ఎలా రాయాలి, ఏమని చెప్పాలి?

ప్రశ్న: ఒక డీజే కూర్చిన బ్రెజిల్ మిక్స్‌కు తెలుగులో పాటల పట్టీ, చిన్న పరిచయం రాస్తున్నాను. 1963లో జోర్జి బెన్ పాడిన పాట, 1966లో సెర్జియో మెండెస్ బృందం బ్రెజిల్ 66 చేసిన రూపం, 2006లో అదే మెండెస్ బ్లాక్ ఐడ్ పీస్‌తో చేసిన రూపం, మూడూ ఉన్నాయి. పేరు "మాస్ కె నాడా" అని రాశాను. అనువాద యంత్రం "కానీ ఏమీ లేదు" అంటోంది. సరేనా అండీ?

జవాబు: కాదండీ. విడదీస్తే మస్ అంటే కానీ, కి అంటే ఏమి, నాదా అంటే ఏమీ లేదు. కలిపి అన్నప్పుడు అర్థాలు కూడవు, ఎదుటివాడి మాటను తోసిపుచ్చే విసురు ఒక్కటే మిగులుతుంది. పాటలో తర్వాత వచ్చేది కూడా నా ముందునుంచి తప్పుకో, నేను వెళ్లాలి, సాంబా జోరుమీదుంది అనే. "ఆఁ, పోవోయ్!" దగ్గరగా ఉంటుంది. "అబ్బే" మెత్తన, "ఛ" అంటే కోపం వచ్చేస్తుంది.

మరో జవాబు: పోవోయ్ బాగుంది గానీ 1966 రూపంలో వినిపించేది లానీ హాల్ గొంతు. అక్కడ "పోదురూ!" ఇంకా నప్పుతుంది. ఒకే పాటకు రెండు తెలుగు పేర్లు పెట్టలేం కాబట్టి పట్టీలో మూలం పేరే ఉంచి, అర్థం పరిచయంలో ఒక్కసారి చెప్పండి. ఉచ్చారణలో మాత్రం డ వద్దు. పోర్చుగీసు త, దలు దంత్యాలే, మన అక్షరాలు అచ్చంగా సరిపోతాయి. ట, డలు ఇంగ్లీషు మీదుగా వచ్చిన అలవాటు. రియో యాసలో క ముందు స కాస్తా ష అవుతుంది కాబట్టి "మష్ కి నాదా". "ఇ" ధ్వని ముందు త, దలు చ, జలు అవుతాయి: సౌదాదె అనే మాట సౌదాజి అవుతుంది. పదం చివరి ఒ కాస్తా ఉ లాగా పలుకుతుంది.

జువాఁవ్ జిల్బెర్తు అనే గాయకుడి పేరు రాసేటప్పుడు అరసున్న (ఁ) వాడండి. పలుకుబడిలో మనం వదిలేసిన గుర్తు ఇక్కడ నిజంగా పనికొస్తుంది, ముక్కుతో పలికే అచ్చుకు అంతకంటే మంచి గుర్తు లేదు. జ మాత్రం జున్నులో ఉన్న దంత్య ౙ కాదు. బ్రెజిల్, సాంబా స్థిరపడిపోయాయి, కదపకండి.

ప్రశ్న: ధన్యవాదాలండీ. పరిచయంలో "పెద్ద సుర్దు మొదటి దెబ్బతో మిక్స్ మలుపు" అని రాశాను. సుర్దు అంటే నిఘంటువులో చెవిటి అని ఉంది!

జవాబు: ఆ అర్థమూ ఉంది, కానీ ఇక్కడ అది పెద్ద డోలు పేరు, అనువదించకండి. అసలు తప్పు "మొదటి దెబ్బ" దగ్గర ఉంది. సాంబా ఆవృత్తంలో రెండే దెబ్బలు. అన్నిటికంటే పెద్ద సుర్దును "ప్రిమేయ్‌రా" అంటారు, అంటే మొదటిది. అది మోగేది మాత్రం రెండో దెబ్బ మీద. సాఫ్ట్‌వేర్ కూడా ఇక్కడే బోల్తా పడుతుంది: బరువైన దెబ్బ ఎక్కడుంటే అదే సమం (ఆవృత్తం మొదటి దెబ్బ) అనుకుని దెబ్బల గుర్తు గీత పెడుతుంది. దాన్ని ఒక దెబ్బ జరపాలి, వేగాన్ని రెట్టింపుగా లెక్కించి ఉంటే రెండు. సరిపోయిందో లేదో డోలును బట్టి చూడకండి, గిటార్ స్వరమేళనం మారే చోటును బట్టి చూడండి. ఇది చేయకపోతే 130 బీపీఎం (నిమిషానికి 130 దెబ్బల) ఫంక్ కరియోకా (రియోలో పుట్టిన నృత్య సంగీతం) కలిపినప్పుడు దాని ఒకటో దెబ్బ సాంబా రెండో దెబ్బ మీద పడి, పాట ఎత్తుగడ తప్పినట్టు వినిపిస్తుంది. పాత రికార్డింగులకు మెట్రోనోమ్ లేదు కాబట్టి వేగం ఊగుతుంది, ప్రతి 8 ఆవృత్తాలకూ గీత చేత్తో సరిదిద్దాలి.

సాంబా స్కూళ్ల (ఉత్సవాల్లో ఊరేగే సాంబా బృందాల) డోలు దళాన్ని నడిపేవాడిని అక్కడ "మెస్త్రి" అంటారు. మన మేస్త్రీ కూడా పోర్చుగీసు నుంచి వచ్చిందే. ధైర్యంగా మేస్త్రీ అని రాయండి.

మరో జవాబు: పట్టీలో డీజే మార్కీ, ఎక్స్‌ఆర్‌ఎస్‌ల 2002 నాటి డ్రమ్ అండ్ బాస్ (వేగంగా సాగే ఎలక్ట్రానిక్ నృత్య సంగీతం) పాట "ఎల్‌కే" ఉంటే, అందులోని ముక్క జోర్జి బెన్, తొకీన్యు పాడిన "కరొలీనా కరొల్ బెలా"దని పక్కనే రాయండి. డ్రమ్ అండ్ బాస్ వేగం 170–175 ఉంటుంది. 86, 87 దగ్గర నడిచే పాత పాట వెనకే పెడితే వేగం సరిగ్గా రెట్టింపు, సాగదీయక్కర్లేదు. నైలాన్ తీగల గిటార్ కొద్దిగా సాగదీసినా అలుక్కుపోయినట్టు వినిపిస్తుంది.