“తినగ తినగ వేము” తర్వాత తియ్యనుండా, తియ్యగుండా?

కడప: మా నాయనకు మూడో కీమో (క్యాన్సర్ మందు విడత) అయింది. నోరంతా ఇనుము నాకినట్టుందని అన్నం పక్కకు నెట్టేస్తున్నాడు. చూడ్డానికొచ్చిన పెద్దాయన “తినగ తినగ వేము తియ్యగుండు” అని ధైర్యం చెప్పి పోయాడు. నాకు “తియ్యనుండు” అని గుర్తు. ఏది సరి? పద్యం కీమోకు అన్వయిస్తుందా?

కదిరి: తియ్యనుండు. ఛందస్సుతో తేలదు, రెండూ సూర్యగణాలకు (ఆ పాదంలో రావాల్సిన మూడు మాత్రల గణాలకు) సరిపోతాయి.

ప్రొద్దుటూరు: మాస్టారూ, ముందు “తినగఁ దినగ” అనండి. ద్రుతం (“తినగన్” చివరి న-కారం) మీద పరుషం (త) సరళం (ద) కావాల్సిందే.

కదిరి: అంత పట్టుబడితే “వేము దియ్యనుండు” కూడా ఒప్పుకోవాలి. వేమన జనం నోట బతికిన కవి. బ్రౌన్ దొర 1829లో అచ్చు వేయించేనాటికే పాఠాంతరాలు బోలెడు.

కర్నూలు: క్యాన్సర్ వార్డులో సిస్టర్‌ని. అన్వయం కుదరదక్కా. వేపాకు నాలుకకు అలవాటవుతుంది. కీమో ఒక్కో విడతలో క్యాన్సర్ కణాల్లో కొంత భాగాన్నే చంపుతుంది, అందుకే మళ్ళీ మళ్ళీ ఇస్తారు. త్వరగా పెరిగే మంచి కణాలూ దెబ్బతింటాయి: జుట్టు, నాలుక, రక్తం తయారయ్యే ఎముక మజ్జ. మధ్యలో రెండు మూడు వారాల గ్యాప్ ఆ మజ్జ కోలుకోడానికే. మందుకు అలవాటు పడేది క్యాన్సర్ కణమైతేనే ప్రమాదం, ఇక లొంగదు. ఫలితం జబ్బు రకాన్ని, దశను బట్టి. పిల్లల లుకేమియా (రక్త క్యాన్సర్), హాడ్జ్‌కిన్ లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) చాలామందికి పూర్తిగా నయమవుతాయి. రొమ్ము క్యాన్సర్‌లో ఆపరేషన్ తర్వాత తిరగబెట్టకుండా ఇస్తారు. ముదిరిన పాంక్రియాస్ (క్లోమం) క్యాన్సర్‌లో కీమోతో పెరిగేది ఎక్కువగా కొన్ని నెలల ఆయుష్షే.

తాడిపత్రి: పిల్లల లుకేమియా అన్నాక మన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలవకుంటే ఎట్లా? ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ మందునే అమెరికా డాక్టరు ఫార్బర్ 1947లో పిల్లలకిచ్చి చూశాడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుతున్నారు. విన్‌క్రిస్టిన్ అనే ఇంకో కీమో మందు అయితే మన పెరటి బిళ్ళగన్నేరులోదే!

కడప: అందరికీ థ్యాంక్స్. మరి రుచి?

కర్నూలు: కోర్సు అయ్యాక మామూలుగా తిరిగొస్తుంది. అందాకా స్టీలు చెంచా మానేసి ప్లాస్టిక్‌ది ఇవ్వండి, అన్నం చల్లారాక పెట్టండి. నోట్లో పుండ్లుంటే డాక్టరుకు చెప్పండి.

ప్రొద్దుటూరు: మూడో పాదం చూడండి, “సాధనమున పనులు సమకూరు”. వేము మారదు, తినేవాడు మారతాడు.

కదిరి: అందుకే “ఉండు” అన్నాడు, “అగు” అనలేదు. తీపి అయిందని కాదు, తినేవాడికి తీపిగా ఉందని.

ప్రొద్దుటూరు: ఒప్పుకున్నా. కానీ “దినగ” వదలను. ఎర్రముక్కపల్లె బ్రౌన్ లైబ్రరీలో పాత ప్రతి చూసి ఫోటో పెడతా.